ఆరుగురి సలహా సంఘం: బంధుత్వం, న్యాయం

హిజ్రీ 23వ సంవత్సరం జిల్‌హజ్జ్ మాసాంతంలో, అనగా క్రీ.శ. 644 నవంబరులో, మదీనాలోని ప్రవక్త మస్జిదులో ఫజ్ర్ నమాజు జరుగుతున్న వేళ ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోట్లకు గురయ్యారు. గాయాలు ప్రాణాంతకమైనవని కొద్దిసేపటిలోనే తేలిపోయింది. అప్పటికి ఇస్లామీయ రాజ్యం ఈజిప్టు మొదలు ఇరాన్ వరకు వ్యాపించి ఉన్నది. అంతటి రాజ్యభారాన్ని తమ తరువాత ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న మృత్యుశయ్యపై ఉన్న ఖలీఫా ముందుకు వచ్చింది. ఆయన ఏ ఒక్కరి పేరూ చెప్పలేదు. ఆరుగురు సహాబాలతో ఒక సలహా సంఘాన్ని, అంటే షూరాను, ఏర్పాటు చేసి, తమలో నుండి ఒకరిని మూడు దినాలలోగా ఎన్నుకొమ్మని ఆదేశించారు.

ఆ ఆరుగురు హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ అలీ, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్, హజ్రత్ జుబైర్, హజ్రత్ తల్హా (రజి అన్‌హుమ్). ఇస్లాం చరిత్రలో ఈ షూరాను గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. సాధారణంగా దానిని ఖిలాఫత్ ఎన్నిక విధానానికి ఉదాహరణగా పేర్కొంటారు. అయితే అందులో ఇమిడి ఉన్న మరొక సమస్యపై తగినంత దృష్టి పడలేదు. ఈ ఆరుగురూ ఒకరికొకరు పరాయివారు కారు. రక్తసంబంధంతోనో, వియ్యంతోనో వారిలో అనేకులు ముడిపడి ఉన్నారు. ఎన్నుకోవలసినవారూ వారే, ఎన్నిక కావలసినవారూ వారే. అటువంటి చోట బంధుత్వపు హక్కునూ, మనస్సాక్షి తీర్పునూ వేరుచేసి చూడటం ఎలా? ఈ ప్రశ్న ఆనాడే పుట్టింది, ఆనాటివారి నోటనే వినవచ్చింది.

పూర్వరంగం

అరబ్బుల జీవితంలో తెగ అన్నది కేవలం గౌరవానికి సంబంధించిన విషయం కాదు. మనిషి ప్రాణానికీ, ధనానికీ తెగయే రక్షణ. తెగవాడిని విడిచిపెట్టినవాడికి సమాజంలో నిలువనీడ ఉండేది కాదు. ఇస్లాం ఈ బంధాన్ని త్రెంచివేయలేదు. బంధుత్వాన్ని కలుపుకొని పోవడాన్ని పుణ్యకార్యంగా బోధించింది. కాని దానికొక హద్దు గీసింది. న్యాయానికి సాక్ష్యం పలికేటప్పుడు అది స్వయంగా తమకు గాని, తల్లిదండ్రులకు గాని, సమీప బంధువులకు గాని వ్యతిరేకమైనా సరే వెనుదీయరాదని దివ్య ఖుర్ఆన్ నాల్గవ సూరా, అన్నిసా, 135వ ఆయత్ ఆదేశిస్తున్నది. తన జాతివారిని ప్రేమించడం అసబియ్యత్ కాదనీ, అన్యాయంలో వారికి తోడ్పడటమే అసబియ్యత్ అనీ దైవప్రవక్త (స) వివరించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఈ బోధనకు మొదటి రాజకీయ పరీక్ష హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో సఖీఫా బనీ సాయిదా వద్ద ఎదురయింది. దైవప్రవక్త (స) పరమపదించిన దినాన అన్సారులలో ఖజ్రజ్ తెగవారు తమ నాయకుడు హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి)ను ఎన్నుకోవాలని తలచారు. అదే ఖజ్రజ్ తెగకు చెందిన హజ్రత్ బషీర్ బిన్ సాద్ (రజి) తమ దాయాదిని కాదని హజ్రత్ అబూబక్ర్ (రజి) చేతిపై బైఅత్ చేశారు. వెంటనే హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) ఆయనను నిలదీశారు. దాయాదికి అధికారం దక్కుతుందన్న అసూయతోనే ఇలా చేశావా అన్నది ఆ నిందలోని సారం. అసూయ కాదనీ, ఒకరికి చెందిన హక్కు కోసం వారితో పోటీపడటం ఇష్టం లేకనే ఇలా చేశాననీ బషీర్ సమాధానం చెప్పినట్లు తబరీ చరిత్ర పేర్కొంటున్నది.

ఈ చిన్న సంఘటనలో పెద్ద విషయం ఉన్నది. బంధువును సమర్థించినవాడిపై పక్షపాతి అన్న నింద పడుతుంది. బంధువును కాదన్నవాడిపై అసూయాపరుడన్న నింద పడుతుంది. ఏ వైపు మొగ్గినా నింద తప్పదు. కనుక నింద పడిందా లేదా అన్నది ఒకరి నిజాయితీకి కొలబద్ద కాజాలదు.

రెండు సంవత్సరాల తరువాత, హిజ్రీ 13లో, హజ్రత్ అబూబక్ర్ (రజి) అవసానదశలో హజ్రత్ ఉమర్ (రజి)ను తమ వారసునిగా ప్రతిపాదించారు. ఆ సమయంలో ఆయన ప్రజలకు ప్రత్యేకించి చెప్పిన మాటలలో, తాను నియమించినది తన బంధువును కాదన్నది ఒకటి. అబూబక్ర్ గారిది బనూ తైమ్ వంశం, ఉమర్ గారిది బనూ అదీ వంశం. ఆ మాట చెప్పవలసిన అవసరం కలిగిందంటేనే ప్రజల మనస్సులలో ఆ ప్రశ్న ఎంత సజీవంగా ఉండేదో అర్థమవుతుంది.

సొంత ఇంటితో ఆరంభం

హజ్రత్ ఉమర్ (రజి) ఆ హద్దును మరింత బిగించారు. ఆయన కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) విద్వత్తులోనూ, దైవభీతిలోనూ అందరి మన్ననలూ పొందినవారు. ఆయన పేరును ప్రతిపాదించినవారిని ఖలీఫా మందలించారు. ఖత్తాబ్ కుటుంబం నుండి ఒక్కరు ఈ బాధ్యతకు దైవసన్నిధిలో జవాబు చెప్పుకోవడమే చాలునన్నారు. అబ్దుల్లాహ్ షూరాలో హాజరుండవచ్చు, సలహా చెప్పవచ్చు, కాని ఖిలాఫత్‌లో ఆయనకు భాగం లేదు అని నిర్ణయించారు.

మరొక పేరు కూడా గమనార్హం. స్వర్గవాసులని శుభవార్త పొందిన పదిమంది సహాబాలలో ఆనాటికి సజీవులైన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) షూరాలో లేరు. ఆయన ఉమర్ గారి వంశీయులు, సోదరి ఫాతిమా (రజి) భర్త. ఏ ఇంటిలో ఖుర్ఆన్ పారాయణం విని ఉమర్ గారి హృదయం కరిగిందో ఆ ఇంటి యజమాని. యోగ్యతలో లోటు లేకపోయినా, బంధుత్వం కారణంగానే ఆయనను చేర్చలేదని విద్వాంసుల అభిప్రాయం.

అంతటితో ఆగక, ఎన్నిక కాబోయేవారిని కూడా ఆయన ముందుగానే హెచ్చరించారు. అధికారం నీకు వస్తే బనూ హాషిమ్‌ను ప్రజల మెడలపై ఎక్కించవద్దని అలీ గారికీ, అబూ ముఐత్ సంతతిని ప్రజల మెడలపై ఎక్కించవద్దని ఉస్మాన్ గారికీ చెప్పినట్లు చరిత్రకారులు ఉల్లేఖించారు. ఎన్నిక ముగిసేవరకు మస్జిదులో నమాజు చేయించే బాధ్యతను సుహైబ్ రూమీ (రజి)కి అప్పగించారు. సుహైబ్ ఒకప్పుడు బానిసగా జీవించినవారు, ఖురైషులలో ఏ శాఖకూ చెందనివారు. ఆ మూడు దినాలూ ఇమామ్ స్థానం ఏ అభ్యర్థి పక్షానికీ బలం చేకూర్చలేదు.

ఆరుగురి మధ్య బంధాలు

షూరా సభ్యుల బంధుత్వాలను పరిశీలిస్తే సమస్య ఎంత చిక్కైనదో తెలుస్తుంది. జుబైర్ (రజి) తల్లి సఫియ్యా (రజి) అబ్దుల్ ముత్తలిబ్ కుమార్తె. కనుక ఆయన అలీ గారికి మేనత్త కుమారులు. సాద్, అబ్దుర్రహ్మాన్ (రజి) ఇద్దరూ బనూ జుహ్రా శాఖవారు, దాయాదులు. అబ్దుర్రహ్మాన్ గారి భార్య ఉమ్ము కుల్సూమ్ బిన్తె ఉఖ్బా (రజి), ఉస్మాన్ గారు ఒకే తల్లి బిడ్డలు. అనగా ఉస్మాన్ ఆయనకు బావమరిది. తల్హా (రజి) హజ్రత్ అబూబక్ర్ గారి బనూ తైమ్ వంశానికి చెందినవారు, ఆయన అల్లుడు కూడా.

ఇక అలీ, ఉస్మాన్ గార్ల సంగతి. ఇద్దరూ దైవప్రవక్త (స) అల్లుళ్ళే. ఉస్మాన్ గారి అమ్మమ్మ ఉమ్ము హకీమ్ కూడా అబ్దుల్ ముత్తలిబ్ కుమార్తెయే. అంటే అలీ గారికి ఆమె మేనత్త. బనూ హాషిమ్, బనూ ఉమయ్యా శాఖలు రెండూ అబ్దె మనాఫ్ సంతతి. ప్రత్యర్థులుగా నిలిచినవారు కూడా ఒకే చెట్టు కొమ్మలే.

ఈ లెక్క ఆనాటివారికి తెలియనిది కాదు. తబరీ నమోదు చేసిన ఒక నివేదిక ప్రకారం, అలీ (రజి) తమ పినతండ్రి అబ్బాస్ (రజి)తో ఫలితం ముందే తెలిసిపోతున్నదన్నారు. సాద్ తన దాయాది అబ్దుర్రహ్మాన్ మాట జవదాటరనీ, అబ్దుర్రహ్మాన్ ఉస్మాన్‌కు వియ్యపు బంధువనీ, వారు ముగ్గురూ ఒకే మాటపై ఉంటారనీ ఆయన ఆందోళన. బంధుత్వాన్ని బట్టి ఓట్లను లెక్కించడం నేటి ఎన్నికలతో పుట్టిన అలవాటు కాదని దీనివలన తెలుస్తున్నది.

అబ్దుర్రహ్మాన్ అనుసరించిన మార్గం

ఖలీఫా ఖననం ముగిసిన పిమ్మట షూరా సమావేశమయింది. ఆరుగురిలో ముగ్గురు తమ హక్కును మరొకరికి అప్పగించవలసిందని అబ్దుర్రహ్మాన్ (రజి) సూచించారు. సహీహ్ బుఖారీ నివేదిక ప్రకారం జుబైర్ తమ హక్కును అలీకీ, తల్హా ఉస్మాన్‌కూ, సాద్ అబ్దుర్రహ్మాన్‌కూ ఇచ్చారు. తల్హా ఆ సమయంలో మదీనాలో లేరనీ, తరువాత వచ్చారనీ చెప్పే నివేదికలు కూడా ఉన్నాయి. మిగిలిన ముగ్గురిలో తాను అభ్యర్థిత్వాన్ని వదులుకొంటాననీ, తక్కిన ఇద్దరిలో ఒకరిని ఎంపికచేసే అధికారం తనకివ్వాలనీ అబ్దుర్రహ్మాన్ కోరారు.

అప్పుడు అలీ (రజి) ఒక షరతు పెట్టారు. సత్యానికే ప్రాధాన్యమివ్వాలి, మనోవాంఛను అనుసరించకూడదు, బంధువుకు ప్రత్యేకత చూపకూడదు, ఉమ్మత్ శ్రేయస్సులో లోపం చేయకూడదు. ఈ వాగ్దానం ఇవ్వమని అడిగారు. అబ్దుర్రహ్మాన్ ఇచ్చారు. ప్రతిగా, ఎవరు ఎన్నికైనా రెండవవారు విని విధేయులై ఉంటారన్న వాగ్దానాన్ని ఇద్దరి నుండీ తీసుకొన్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉన్నది. బావమరిది అభ్యర్థిగా ఉన్న వ్యక్తిని తీర్పరిగా ఒప్పుకోవడం అలీ గారికి సులభమైన విషయం కాదు. ఆయన తీర్పరిని తిరస్కరించలేదు, అనుమానాన్ని మనస్సులో దాచుకోనూ లేదు. దానిని షరతు రూపంలో అందరి ముందు ఉంచారు. అబ్దుర్రహ్మాన్ కూడా ఆ షరతును అవమానంగా భావించలేదు. బంధుత్వాన్ని ఎవరూ రద్దు చేయలేరు. కాని దానిని బహిరంగంగా ఒప్పుకొని, దాని ప్రభావానికి కట్టుబాట్లు విధించుకోవచ్చు. ఆ ఇద్దరూ చేసినది అదే.

ఆ తరువాతి మూడు రాత్రులు అబ్దుర్రహ్మాన్ గారికి నిద్ర లేదు. మదీనాకు వచ్చి ఉన్న సేనాధిపతులను, పెద్దలను, సామాన్యులను కలిసి అభిప్రాయాలు సేకరించారు. పరదాలోని స్త్రీలను, పాఠశాలల్లోని బాలురను, బాటసారులను కూడా అడిగినట్లు ఇబ్నె కసీర్ వ్రాశారు. చివరి రాత్రి తమ మేనల్లుడు మిస్వర్ బిన్ మఖ్రమా (రజి) తలుపు తట్టి నిద్రలేపి, ముందు జుబైర్‌ను, సాద్‌ను పిలిపించారు. పిమ్మట అలీ గారితో, ఆ తరువాత ఉస్మాన్ గారితో విడివిడిగా, ఫజ్ర్ అజాన్ వినిపించేవరకు మాట్లాడారు.

సాద్ గారి వైఖరి గురించి నివేదికలు ఏకీభవించడం లేదు. ఆయన ఉస్మాన్ పేరు చెప్పారని ఒకటి, అబ్దుర్రహ్మాన్ తానే ఖలీఫా అయితే సరే గాని లేకుంటే అలీయే తనకు ఇష్టమని చెప్పారని మరొకటి తబరీలోనే ఉన్నాయి. రెండవది నిజమైతే, దాయాది మాట జవదాటరన్న అంచనా తప్పినట్లే. వ్యక్తిని అతని వంశవృక్షాన్ని బట్టి ముందుగానే నిర్ణయించివేయడం సరికాదనడానికి ఇదొక సూచన.

ఫజ్ర్ నమాజు తరువాత మస్జిదులో ముహాజిర్లు, అన్సారులు, సేనాధిపతుల సమక్షంలో అబ్దుర్రహ్మాన్ తమ నిర్ణయం ప్రకటించారు. ప్రజాభిప్రాయాన్ని పరిశీలించగా ఉస్మాన్‌కు సమానులుగా వారు మరెవరినీ ఎంచడం లేదని అలీ గారిని ఉద్దేశించి చెప్పి, ఉస్మాన్ గారి చేతిపై బైఅత్ చేశారు. బుఖారీ నివేదిక ప్రకారం అలీ (రజి) కూడా బైఅత్ చేశారు.

తీర్పుపై తీర్పు

ఈ నిర్ణయంలో బంధుత్వం పాత్ర ఎంత? ఈ విషయంలో ముస్లిములలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అలీ గారు ఆ సమయంలో అసంతృప్తిని వ్యక్తం చేశారని తబరీ ఉల్లేఖించిన కొన్ని నివేదికలు చెబుతున్నాయి. షియా సంప్రదాయం ఈ షూరాను మొదటినుండీ ఒక పక్షానికి మొగ్గినదిగానే భావిస్తుంది. అటువంటి నివేదికలు అజ్ఞాత వ్యక్తుల నుండి వచ్చినవని ఇబ్నె కసీర్ త్రోసిపుచ్చారు.

మనస్సులోని ఉద్దేశం అల్లాహ్‌కు తెలుసు. చరిత్రకారుడు చూడగలిగినది ఆచరణను మాత్రమే. అబ్దుర్రహ్మాన్ ఆచరణలో నాలుగు అంశాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదట తమ స్వార్థాన్ని వదులుకొన్నారు. బంధువుకు ప్రత్యేకత చూపనని మాట ఇచ్చారు. తమ ఒక్కరి అభిప్రాయంతో తృప్తిపడక వందలమంది అభిప్రాయాన్ని సేకరించారు. చివరకు కారణాన్ని బహిరంగంగా ప్రకటించారు. ఫలితం బంధువుకు అనుకూలంగా వచ్చినంత మాత్రాన నిర్ణయం అన్యాయమైపోదు. యోగ్యుడైన బంధువును కేవలం నిందకు జడిసి కాదనడం కూడా న్యాయం కాదు.

ఈ సందర్భంలో ఉమ్ము కుల్సూమ్ (రజి)ను స్మరించవలసి ఉన్నది. అబ్దుర్రహ్మాన్, ఉస్మాన్ గార్లను కలిపిన బంధం ఆమెయే. ఆమె తండ్రి ఉఖ్బా బిన్ అబీ ముఐత్ దైవప్రవక్త (స)కు బద్ధశత్రువు. హిజ్రీ 6లో హుదైబియా ఒప్పందం కుదిరిన తరువాత ఆమె మక్కాలోని తనవారిని విడిచి మదీనాకు హిజ్రత్ చేశారు. సోదరులు వలీద్, ఉమారాలు వెంటనే వచ్చి ఆమెను తమకు అప్పగించమని కోరారు. విశ్వాసులైన స్త్రీలను తిరిగి పంపరాదని అల్‌ముమ్తహినా సూరా 10వ ఆయత్ అవతరించింది. ఆమె మదీనాలోనే ఉండిపోయారు. ఏ బంధుత్వాన్ని చూపి షూరా నిర్ణయంపై సందేహం వెలిబుచ్చారో, ఆ బంధుత్వానికి మూలమైన స్త్రీయే విశ్వాసం కోసం అన్నదమ్ములను కాదని వచ్చినవారు.

పన్నెండేళ్ల తరువాత

పరీక్ష ఎన్నికతో ముగియలేదు. ఉస్మాన్ (రజి) పాలన సుమారు పన్నెండు సంవత్సరాలు సాగింది. కూఫాకు ఉమ్ము కుల్సూమ్ సోదరుడు వలీద్ బిన్ ఉఖ్బాను, బస్రాకు తమ మేనమామ కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్‌ను, ఈజిప్టుకు పాలు పంచుకొన్న సోదరుడు అబ్దుల్లాహ్ బిన్ సాద్‌ను ఆయన గవర్నర్లుగా నియమించారు. వీరిలో సమర్థులూ ఉన్నారు. ఇబ్నె ఆమిర్ కాలంలో తూర్పున విజయాలు, ఇబ్నె సాద్ కాలంలో సముద్రంపై విజయాలు లభించాయి. అయినా అసంతృప్తి పెరిగింది. ఉమర్ గారు దైవప్రీతి కోసం బంధువులకు ఇవ్వకుండా ఉన్నారనీ, తాను దైవప్రీతి కోసమే బంధువులకు ఇస్తున్నాననీ ఉస్మాన్ గారు చెప్పినట్లు చరిత్రలో ఉన్నది. బంధువులను ఆదుకోవడం ఆయన దృష్టిలో ధర్మం. ఆయన ఉదారత్వాన్ని ఎవరూ కాదనలేరు. కాని సొంత ధనంతో చేసే సహాయానికీ, ప్రజల అధికారంతో చేసే నియామకానికీ మధ్య ఉన్న గీతను ప్రజలు వేరుగా చూశారు.

అదే సమయంలో మరొక వాస్తవాన్ని విస్మరించరాదు. మద్యపానం చేశాడని వలీద్‌పై సాక్ష్యం వచ్చినప్పుడు ఉస్మాన్ (రజి) తన తల్లి కుమారుడని వెనుకాడలేదు. పదవి నుండి తొలగించి, ధర్మశాస్త్రం విధించిన శిక్షను అమలు జరిపించారు.

హిజ్రీ 35 (క్రీ.శ. 656)లో ఆయన అమరులయ్యారు. మరుసటి సంవత్సరం జమల్ యుద్ధంలో అలీ గారికి ఎదురుగా నిలిచినవారిలో జుబైర్, తల్హా ఉన్నారు. షూరాలో తమ హక్కును అలీకి అప్పగించిన మేనత్త కుమారుడే అప్పుడు ఎదుటి పక్షంలో ఉన్నారు. బంధుత్వాన్ని మాత్రమే లెక్కించి రాజకీయాలను అర్థం చేసుకోబూనినవారికి చరిత్ర ఇచ్చిన సమాధానం ఇది.

నేటి ఓటరు

బైఅత్‌కూ నేటి ఓటుకూ భేదాలున్నాయి. అయినా ఓటు అన్నది ఒక మనిషి యోగ్యతకు ఇచ్చే సాక్ష్యమే. దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌లో ముఫ్తీగా పనిచేసి తరువాత పాకిస్తాన్‌లో స్థిరపడిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఓటుకు మూడు రూపాలున్నాయని వివరించారు. అది సాక్ష్యం, సిఫారసు, వకాలత్ కూడా. సాక్ష్యమన్న తరువాత అన్నిసా సూరాలోని ఆదేశం దానికీ వర్తిస్తుంది. అయోగ్యుడైన బంధువుకు ఇచ్చే ఓటు కుటుంబంలోని ఇచ్చిపుచ్చుకోలు కాదు, ఊరందరిపై పలికే అసత్య సాక్ష్యం.

మన దేశంలో 1951-52 తొలి సాధారణ ఎన్నికల నాటినుండి ప్రతి వయోజనునికీ, స్త్రీపురుష భేదం లేకుండా, ఓటు లభించింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఏ ఓటరునూ సాక్షిగా నిర్బంధించరాదు. రహస్య ఓటు ప్రయోజనం ఇక్కడే ఉన్నది. గ్రామ పంచాయతీ ఎన్నికలో అన్నదమ్ముల బిడ్డలు, బావ, బావమరుదులు పోటీపడినప్పుడు ఇంటింటా ఒత్తిడి మొదలవుతుంది. పెద్దవారి మాట కాదంటే మర్యాద తప్పినట్లవుతుందని భయం. ఓటు పెట్టె ముందు ఓటరు ఒంటరిగా ఉంటాడు. అక్కడ ఎవరి ముఖమూ చూడవలసిన అవసరం లేదు. అబ్దుర్రహ్మాన్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడటంలోని వివేకం కూడా ఇటువంటిదే.

ఓటు ఇవ్వకపోవడం బంధాన్ని త్రెంచుకోవడం కాదు. బహుదైవారాధనకు బలవంతపెట్టే తల్లిదండ్రుల మాటను సైతం వినకుండానే, లోకవ్యవహారాలలో వారితో చక్కగా మెలగమని లుఖ్మాన్ సూరా 15వ ఆయత్ బోధిస్తున్నది. విశ్వాస విషయంలోనే అలా అయితే పంచాయతీ ఎన్నిక ఎంతపాటిది? ఓటు వేయలేదని సలాం మానివేయడం, పెళ్ళి పిలుపు ఆపివేయడం, జనాజాకు రాకపోవడం అజ్ఞానకాలపు అలవాట్లు. బంధువుకు భోజనం పెట్టవచ్చు, అప్పు ఇవ్వవచ్చు, జబ్బు చేస్తే రాత్రంతా మేలుకొని సేవ చేయవచ్చు. అవన్నీ ఓటరు సొంతం. ఓటు మాత్రం పొరుగువారి హక్కు కూడా కలిసిన అమానత్. బంధువుకు ఇవ్వదలచినవాడైనా, కాదనదలచినవాడైనా, అలీ గారు అబ్దుర్రహ్మాన్‌ను అడిగిన వాగ్దానాన్ని తనను తాను అడిగి చూసుకోవాలి. ఆ తరువాత ఏ పేరుపై ముద్ర వేసినా దైవసన్నిధిలో జవాబు చెప్పుకోవడానికి అతని వద్ద ఒక మాట ఉంటుంది.